కార్జము: మందును, విషమును

ఆహారపదార్థములలో ఏది గౌరవమైనది, ఏది హీనమైనది యను లెక్కలు మన సంఘమున బహుకాలమునుండి నడచుచున్నవి. మాంసాహారులలో గూడ ఈ తారతమ్యము లేకపోలేదు. కండమాంసము విందులకు దగినదనియు, తలకాయ, బోటి, కాళ్ళు మొదలగునవి పేదల పాలిటివనియు తలచువారు నేటికిని గలరు. తిండినిబట్టి మనుష్యుని అంతస్తును గొలుచుట యలవాటైనవారికి, ఆ తిండివలన శరీరమునకు గలుగు మేలుకీడుల విచారణ రుచింపదు. అయినను గర్భిణుల పాండురోగము ఇంతగా వ్యాపించియున్న దేశమున ఈ విచారణ తప్పదు. లోపలి మాంసములన్నిటిలో కార్జము, అనగా యకృత్తు, చరిత్ర యెక్కువ గలది. దానినే యిచట తీసికొందము.

రేచీకటికి కార్జము మందని పూర్వులెఱుగుదురు. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున మేక కార్జమును పిప్పళ్ళతో గలిపి యీ వ్యాధికి వాడుట చెప్పబడినది. ప్రాచీన ఐగుప్తు వైద్యులును కంటిజబ్బులకు ఎద్దు కార్జమును వాడిరి. అది యేల గుణమిచ్చునో మాత్రము వేల సంవత్సరములు తెలియలేదు. 1913లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున మెక్కాలమ్, డేవిస్ అనువారు వెన్నయందును గ్రుడ్డు సొనయందును ఎదుగుదలకు ముఖ్యమైన యొక వస్తువు గలదని ప్రకటించిరి. తరువాత దానికి విటమిన్ ఎ అని పేరు గలిగెను. జంతుశరీరమున దానికి గాదె కార్జమే.

పాండురోగపు కథ యింతకంటె చిత్రమైనది. లండను వైద్యుడు థామస్ ఆడిసన్ 1849లో వర్ణించిన యొక తీరు పాండురోగమునకు మందే లేకుండెను; అది పట్టినవారు కొలదికాలమునకే కృశించి మరణించుచుండిరి. 1920 తరువాత రాచెస్టరులో జార్జి విప్పిల్ కుక్కల రక్తమును దీసి, వానికి వేర్వేరు ఆహారములు పెట్టి, కార్జము తిన్న కుక్కలకు రక్తము త్వరగా పట్టుచున్నదని చూచెను. దానినిబట్టి బోస్టనులో జార్జి మైనట్, విలియం మర్ఫీ అనువారు తమ రోగులకు దినమునకు 120 మొదలు 240 గ్రాముల కార్జము తినిపించి, 45 మంది కోలుకొన్న వార్తను 1926లో వెల్లడించిరి. మైనట్ స్వయముగా మధుమేహరోగి; 1921లో కనుగొనబడిన ఇన్సులిన్ సమయమునకు దొరకకున్నచో ఈ పని చేయుటకు ఆయనయే యుండెడివాడు కాడు. ముగ్గురికిని 1934లో నోబెల్ బహుమానము వచ్చెను.

ఇందులో నొక తమాషా కలదు. విప్పిల్ కుక్కలకు మేలుచేసినది ముఖ్యముగా కార్జములోని యినుము. బోస్టను రోగులను బ్రదికించినది మఱియొక వస్తువు. తప్పుదారిని బోయి సరియైన యూరు చేరుట యనగా నిదియే. ఆ రెండవ వస్తువు బి12 విటమిను. అది 1948లో గాని వేఱుచేయబడలేదు. అంతవఱకు రోగులు పచ్చిపచ్చిగా నుడికిన కార్జమునో, తరువాత తయారైన కార్జసారమునో మ్రింగవలసివచ్చెను. దీనిని మొక్కలు గాని జంతువులు గాని చేయవు, సూక్ష్మజీవులే చేయును. పాలు, పెరుగులలో కొంత యుండును గాని, మన శాకాహారులలో చాలమందికి దీని లోపము గలదు. పాలనుగూడ మానినవారు మాత్రము మాత్రలమీద నాధారపడక తప్పదు.

ఇక మన దేశమునకు వత్తము. 1928లో లూసీ విల్స్ అను ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయికి వచ్చి, అచటి బట్టల మిల్లులలో పనిచేయు గర్భిణులకు గలుగు ఘోరమైన పాండురోగమును పరిశీలింప నారంభించెను. పిదప కూనూరులోని పరిశోధనాలయమునను, మద్రాసులోని గోషా ఆసుపత్రియందును ఈ పని సాగించెను. ఇది సూక్ష్మజీవులవలన గలిగిన వ్యాధి కాదనియు, తిండి లోపమనియు ఆమె పట్టుకొనెను. ఆ స్త్రీల భోజనమువంటిదే ఎలుకలకు పెట్టగా వానికిని రక్తము తగ్గెను. ఈస్టు సారమును జేర్చగా తేరుకొనెను. సారాయి బట్టీలలో మిగిలిన ఈస్టునుండి తయారగు మార్మైటు అను చవుక పదార్థముతో గర్భిణులు కోలుకొనుటను ఆమె 1931లో ప్రచురించెను. ముతక కార్జసారమును అట్లే పనిచేసెను గాని, మిక్కిలి శుద్ధిచేసిన కార్జసారము పనిచేయలేదు. కావున కార్జములో రక్తమునకు బనికివచ్చు మఱియొక వస్తువు గలదని తేలెను. మిల్లు కూలిస్త్రీల పళ్ళెములో నేమున్నదో తొంగిచూచిన యా వైద్యురాలి పేరు మన యిండ్లలో ఇంకను వినబడవలసినంతగా వినబడుటలేదు.

ఆ వస్తువే ఫోలిక్ ఆమ్లము. 1941లో దానిని పాలకూరనుండి తీసి, ఆకునకు లాటిను పేరునుబట్టి యట్లు పిలిచిరి. దానిని 1945లో కృత్రిమముగా తయారుచేసినది అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమందలి బృందము. ఆ బృందమునకు నాయకుడు భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన సోదరులు స్ప్రూ అను గ్రహణిరోగమువలన మరణించిరి. ఆ రోగమునకు ఫోలిక్ ఆమ్లము మేలైన మందని తరువాత తేలినది. 1948లో ఆయన గతించెను.

ఇంతవఱకు మేలు. కాని గాదె నిండుగా నుండుటయే యొక్కొక్కప్పుడు ముప్పు. 1597లో ఉత్తరసముద్రపు మంచులో చిక్కుకొన్న విలియం బారెంట్స్ నావికులు తెల్ల ఎలుగుబంటి కార్జమును దిని జబ్బుపడిరి. వారిలో ముగ్గురికి తలనుండి పాదములవఱకు చర్మమూడినదని వారి తోడివాడు వ్రాసియుంచెను. ధ్రువప్రాంతవాసులు ఆ కార్జమును ముట్టనే ముట్టరు. అందు విటమిన్ ఎ అపారముగా నుండుటయే కారణమని 1943లో గాని నిర్ణయము కాలేదు. దక్షిణధ్రువమున 1912 డిసెంబరులో డగ్లస్ మాసన్, జేవియర్ మెర్ట్జ్ అనువారు తోడివానిని, ఆహారములో నెక్కువభాగమును మంచు బీటలో గోల్పోయి, బండి లాగు కుక్కలను చంపుకొని తినుచు తిరుగుప్రయాణమైరి. కార్జము మెత్తనిదని దానిని గూడ తినిరి. ఇరువురికిని చర్మమూడెను, మెర్ట్జ్ మతి చలించి 1913 జనవరిలో మరణించెను. అమెరికాలో విటమిన్ ఎ గుర్తింపబడిన సంవత్సరమును అదియే. ఆ మరణమునకు కుక్క కార్జములోని విటమిన్ ఎ కారణమని 1969లో ఇద్దఱు ఆస్ట్రేలియా పండితులు వాదించిరి. ఆకలి, చలియే చాలునని చెప్పువారును గలరు.

మన వంటింటి కార్జము ఎలుగుబంటి కార్జమువంటిది కాదు. అప్పుడప్పుడు కొలదిగా దినినచో ఆరోగ్యవంతులకు భయము లేదు. అయినను నూఱు గ్రాముల ఎద్దు కార్జమున ఒక మనుష్యునికి దినమునకు వలసినదానికంటె ఎన్నో రెట్లు విటమిన్ ఎ యుండును. అది మితిమీరిన గర్భస్థశిశువునకు అంగవైకల్యము గలుగవచ్చునను భయముచే 1990లో ఇంగ్లండు ప్రభుత్వమువారు గర్భిణులు కార్జము తినవలదని హెచ్చరించిరి. పాండురోగమునకు ఏ గర్భిణులకు కార్జసారము నిచ్చిరో, ఆ గర్భిణులకే నేడు కార్జము వలదనుచున్నారు. వాతరక్తము, అనగా గౌటు, గలవారును దీనికి దూరముగా నుండవలెను. ఇందలి ప్యూరినులు యూరిక్ ఆమ్లమును పెంచును.

మన ప్రభుత్వ వైద్యశాలలలో గర్భిణికి దినమున కొకటి చొప్పున 180 దినములు ఇచ్చు మాత్రలో 60 మిల్లీగ్రాముల యినుమును, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లమును గలవు. బొంబాయి మిల్లు స్త్రీలకు లోపించినది అందున్నది. గర్భమునకు ముప్పుతెచ్చు విటమిన్ ఎ అందు లేదు. వికారము కలిగినదనియో, మలము నల్లబడినదనియో భయపడి, ఆ మాత్రలను గూటిలో పెట్టి మఱచు కోడండ్రు చాలమంది. మలము నల్లబడుట యినుమువలననే యనియు, అన్నము తిన్న పిదప వేసికొన్నచో వికారము తగ్గుననియు అత్తలైనను వారికి జెప్పవచ్చును.