సంతవీధిలో పుట్టిన సంగీతం

లండన్‌కు దక్షిణపు కొసన క్రాయిడన్ అనే శివారు ఉంది. అక్కడి సర్రే స్ట్రీట్‌లో 1276లో అనుమతి పొందిన కూరగాయల సంత నేటికీ సాగుతోంది. పాతికేళ్ల కిందట ఆ సంతవీధిలోనే ‘బిగ్ యాపిల్’ అనే రికార్డుల దుకాణం ఉండేది. కౌంటర్ వెనక హాచా అనే డీజే. మేడ మీద ఆర్ట్‌వర్క్ అనే సంగీతకారుడి స్టూడియో. అక్కడే తిష్ట వేసే కుర్రాళ్లలో ఇద్దరు స్క్రీమ్, బెంగా. ఇద్దరూ 1986లో పుట్టినవాళ్లే. ఇంట్లో కంప్యూటర్ మీద కట్టిన ట్యూన్లు పట్టుకొస్తే, హాచా విని నచ్చినవి ఏరుకునేవాడు. తర్వాత ప్రపంచమంతా ‘డబ్‌స్టెప్’ అని పిలుచుకున్న సంగీతానికి పురిటిగది ఆ దుకాణమే.

అప్పటికే ‘గరాజ్’ సంగీతం లండన్‌ను ఊపేసి, రేడియో హిట్ల బాట పట్టింది. క్రాయిడన్ కుర్రాళ్లు అందులోంచి గొంతులూ తళుకులూ చాలావరకు తీసేశారు. నిమిషానికి 140 దెబ్బల నడక ఉంచుకుని, మధ్యలో ఖాళీ వదిలి, అడుగున బేస్ నింపారు. చెవికంటే ముందు ఒంటికి తగిలే బేస్ అది. ఊరేగింపులో డీజే బాక్సుల పక్కన నిలబడి గుండె అదిరినవాళ్లకు దాన్ని వేరే వర్ణించనక్కర్లేదు. ఇంట్లోని చిన్న స్పీకర్లలో ఆ అడుగు శ్రుతులు పలకవు. వాటిని సరిగ్గా వినాలంటే ఇల్లు కదిలి రావాల్సిందే. పదిమందీ ఒకచోట కూడటం ఆ సంగీతానికి ప్రాణావసరం అయింది.

ఆ చోటు 2001లో దొరికింది. సారా లాక్‌హార్ట్, ఆమె సహచరులు సోహోలోని వెల్వెట్ రూమ్స్‌లో ‘ఫార్వర్డ్’ పేరుతో క్లబ్ రాత్రులు మొదలుపెట్టారు. తర్వాత అవి షోర్‌డిచ్‌లోని ‘ప్లాస్టిక్ పీపుల్’ అనే నేలమాళిగకు మారాయి. రెండొందల మంది పడితే గొప్ప. చిమ్మచీకటి. సౌండ్ సిస్టమ్ మాత్రం నగరంలోకెల్లా మేలైన వాటిలో ఒకటని పేరు. తొలిరోజుల్లో అక్కడికి వచ్చినవాళ్లు చాలామంది ఏదో ఒక పని భుజాన వేసుకున్నవాళ్లే: ట్యూన్లు కట్టేవాళ్లు, డీజేలు, రికార్డులు అమ్మేవాళ్లు, లైసెన్సు లేని పైరేట్ రేడియో నడిపేవాళ్లు, పత్రికలకు రాసేవాళ్లు.

పూత అరిగేలోగా

కొత్త ట్యూన్ పుడితే వెంటనే మార్కెట్లోకి వదిలేవారు కాదు. ముందు ‘డబ్‌ప్లేట్’ కోయించేవారు. అల్యూమినియం పళ్లెం మీద మెత్తని పూత, ఆ పూతలో సూదితో చెక్కిన గాడి. ఫారెస్ట్ హిల్‌లోని ట్రాన్సిషన్ స్టూడియోకు వెళ్లి, డబ్బు కట్టి, ట్యూన్ నడిచినంతసేపూ ఆగి కోయించుకోవాలి. జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబాలతో పాటు లండన్ చేరిన సౌండ్ సిస్టమ్ ఆనవాయితీ ఇది. వాడేకొద్దీ ఆ పూత అరుగుతుంది, పాట వెనక బుస వినిపించడం మొదలవుతుంది.

చేతి డబ్బు పోతుంది కాబట్టి నాసిరకం ట్యూన్ కోయించడానికి ఎవరికీ మనసొప్పేది కాదు. ఆ పళ్లెం ఒకరిద్దరు డీజేల దగ్గరే ఉంటుంది కాబట్టి, వినాలంటే ఆ రాత్రి ఆ గదిలో ఉండాలి. నచ్చిందా, జనం కేకలు పెట్టి గోడలు బాదేవారు. డీజే రికార్డును చేత్తో వెనక్కి తిప్పి మళ్లీ మొదటినుంచి వేసేవాడు. దాన్ని ‘రివైండ్’ అంటారు. ట్యూన్ కట్టినవాడు తరచూ ఆ గుంపులోనే ఉండేవాడు. బేస్ ఎక్కడ పలచబడిందో, జనం ఎక్కడ చల్లబడ్డారో కళ్లారా చూసుకుని, ఇంటికెళ్లి దిద్దుకోవచ్చు. ఇంత త్వరగా, ఇంత నిక్కచ్చిగా తీర్పు చెప్పే సమీక్షకుడు ఏ పత్రికకూ దొరకడు.

ఆ గది గొడవను 1994లో పుట్టిన రిన్స్ ఎఫ్ఎం అనే పైరేట్ రేడియో నగరమంతా వినిపించేది. బ్రిస్టల్ నుంచి వచ్చి ఫార్వర్డ్‌లో విన్న పించ్ అనే యువకుడు తన ఊళ్లోనూ అలాంటి రాత్రులు నడిపాడు, 2005లో టెక్టానిక్ లేబుల్ పెట్టాడు. ఇలా విన్నవాడు కట్టేవాడయ్యాడు, కట్టినవాడు మరొకరికి చోటిచ్చాడు. అందుకే 2004లో బిగ్ యాపిల్ మూతపడినా సంగీతం ఆగలేదు. దుకాణం చేసే పనిని అప్పటికే క్లబ్బూ రేడియో పంచుకున్నాయి.

వరుస పెరిగింది

2005 మార్చిలో మాలా, కోకి, లోఫా అనే ముగ్గురు కలిసి బ్రిక్స్‌టన్‌లోని ఒక చర్చి భవనంలో ‘డీఎంజెడ్’ రాత్రులు మొదలుపెట్టారు. 2006 జనవరిలో బీబీసీ రేడియో 1లో మేరీ ఆన్ హాబ్స్ ఈ సంగీతాన్ని ‘డబ్‌స్టెప్ వార్జ్’ పేరుతో శ్రోతల ముందుకు తెచ్చింది. మార్చిలో డీఎంజెడ్ మొదటి వార్షికోత్సవానికి 600 మంది బారులు తీరారు. మామూలుగా వాడే గది 400 మందికే సరిపోతుంది. అదే చర్చి భవనంలోని పెద్ద హాలుకు అప్పటికప్పుడు మారాల్సి వచ్చింది.

ఆ తర్వాత వేగం చేయి దాటింది. 2007లో బరియల్ అనే సంగీతకారుడి ఆల్బమ్ ‘అన్‌ట్రూ’ విమర్శకుల మన్నన పొందింది. 2010లో స్క్రీమ్, బెంగా, ఆర్ట్‌వర్క్‌ల బృందం ‘మాగ్నెటిక్ మ్యాన్’ బ్రిటన్ టాప్ 10లోకి ఎక్కింది. అదే ఏడాది రిన్స్‌కు లైసెన్సు వచ్చింది. 2012లో అమెరికన్ డబ్‌స్టెప్ సంగీతకారుడు స్క్రిలెక్స్ మూడు గ్రామీలు గెలిచాడు. ఇక పెద్ద వేదికల మీద ఖాళీకి చోటు లేకపోయింది. ల్యాప్‌టాప్ స్పీకర్లలోనూ పలికే గరగర శబ్దం ముందుకొచ్చింది, అడుగు బేస్ వెనకబడింది. లోఫా వేరే నడకకు మళ్లాడు, స్క్రీమ్ డిస్కో వైపు వెళ్లాడు. 2015 జనవరిలో ప్లాస్టిక్ పీపుల్ మూతపడింది.

జనం పెరగడాన్ని నేను తప్పుపట్టను. బ్రిక్స్‌టన్‌లో ఆ 600 మంది రావడం ఈ సంగీతానికి బలమే అయింది. 2003లో కొత్త కుర్రాడికి రికార్డుల కౌంటర్, రేడియో మైకు, డబ్‌ప్లేట్ అందుబాటులో ఉండేవి. పదేళ్ల తర్వాత పెద్ద సంగీతోత్సవాలకు వచ్చిన వేలమందికి టికెట్ కొనడం తప్ప చేయడానికి పనేమీ మిగల్లేదు. పని లేనివాడికి ఆ చోటు మీద హక్కూ ఉండదు, దిగులూ ఉండదు. మోజు తీరగానే వెళ్లిపోతాడు. మరోపక్క మాలా 2006లో పెట్టిన ‘డీప్ మెడి’ లేబుల్ కొత్త కుర్రాళ్ల ట్యూన్లను ఏరి వినైల్ మీద తెస్తూ వచ్చింది. హోరు తగ్గాక కూడా ఆ చిన్న వలయం నిలబడింది.

సినిమా పాటకు బయట కొత్త సంగీతం కోసం కూడుతున్న మన కుర్రకారు క్రాయిడన్ నుంచి నేర్చుకోవాల్సింది ఇదే. హాలు నిండిందా లేదా అన్నది ఒక్క రాత్రి లెక్క. నిరుడు వినడానికి వచ్చినవాళ్లలో ఈ ఏడు మైకు పట్టినవాళ్లు, ట్యూన్ కట్టినవాళ్లు, కుర్చీలు సర్దినవాళ్లు ఎందరో చూసుకుంటే, ఆ సంగీతం వచ్చే ఏటికి ఉంటుందో లేదో తెలిసిపోతుంది.