అగానో తీరమున జీవించినవారు

ఒక నది చెడిపోయిన చరిత్రను వ్రాయబూనినవాడు దేనిని ఆధారముగా గైకొనవలెను? న్యాయస్థానపు తీర్పులనా? వైద్యుల పట్టికలనా? 1992లో వెలువడిన ‘అగానో తీరమున జీవించుట’ యను జపాను చలనచిత్రము ఈ ప్రశ్నకు వేరొక సమాధానము చెప్పుచున్నది.

అగానో నది నీగతా నగరము చెంత సముద్రమున గలియును. అచ్చటికి సుమారు 60 కిలోమీటర్ల యెగువన, కనోసే యను చోట, షోవా దెంకో సంస్థవారి కర్మాగారముండెను. అందు అసిటాల్డిహైడు తయారగునపుడు పుట్టిన పాదరస విషము మురుగునీటితో నదిలో బడి, చేపలయందు పేరుకొని, వానిని తినిన పల్లెవారి నరములను చెరచెను. 1956లో మినమాతాయందు బయటపడిన వ్యాధియే 1965లో ఇచ్చటను కనబడెను. 1964 నాటి భూకంపమున కొట్టుకొనివచ్చిన పురుగుమందులే దీనికి కారణమని సంస్థ వాదించెను. రోగులు 1967లో వ్యాజ్యము వేసి, 1971లో గెలిచిరి.

కాగితములు చెప్పు కథ యిది. ఆ గెలుపు తరువాతను, ప్రభుత్వ పరీక్షలలో రోగులు కారని త్రోసివేయబడినవారనేకులు మిగిలిరి. పట్టికకెక్కని బాధ చరిత్రకెట్లెక్కును?

సాతో మకోతో యను యువ దర్శకుడు ఆరుగురు సహచరులతో గూడి ఆ తీరముననే ఒక యింట మూడేండ్లు నివసించెను. వేయిమందికి పైగా జనులిచ్చిన చందాలతో చిత్రము తయారయ్యెను. అందు ఆక్రోశము లేదు. వృద్ధదంపతులు నడుము వంచి వరిపొలమున పనిచేయుదురు. పడవలు కట్టుట మానిన ముసలి వడ్రంగి మరల ఉలి చేతబట్టి యొకనికి తన విద్య నేర్పును. మరియొక జంట బియ్యపు మోచీలు దంచి, అమ్ముకొని, ఒకరినొకరు దెప్పుకొనుచు నవ్వుకొందురు. వ్యాధి వారి మాటల నడుమ అప్పుడప్పుడు మాత్రమే తొంగిచూచును.

ఈ నిదానమునందే చిత్రముయొక్క చరిత్రదృష్టి గలదు. నదిని నమ్మి, దాని చేపను నిత్యము తిని, ఇరుగుపొరుగులకు పంచిపెట్టినవారికే విషము ఎక్కువగా సోకెను. వారిని రోగులుగా మాత్రమే చూచినచో, పోయినదేదో మనకు తెలియదు. వారి పని, భోజనము, హాస్యము చూచిన పిమ్మటనే నష్టము కొలతకు వచ్చును.

తీర్పు దోషిని నిర్ణయించును, అది యవసరము. ఆ దోషము ఎట్టి జీవితమును చెరచెనో చెప్పుట చరిత్రకారుని పని. అందుకు అతడు మొదట ఆ యింటి చూరు క్రింద కొంతకాలము కూర్చుండవలెను.