తరవాణి కుండ – తెల్లబియ్యం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వేసవి రాయలసీమ వేసవి వంటిది కాదు. ఉష్ణమాపకంలోని పాదరసం అనంతపురంలో ఎక్కినంత ఎత్తుకు ఇక్కడ తరచుగా ఎక్కదు. కాని సముద్రం మీదినుంచి వచ్చే తేమగాలి వల్ల ఒంటిమీది చెమట త్వరగా ఆరదు. ఒక లీటరు చెమట ఆవిరి కావడానికి దాదాపు 580 కిలోకెలరీల వేడి కావాలి. ఆ వేడిని అది మన శరీరం నుండే తీసుకుంటుంది గనుక మనకు చల్లగా ఉంటుంది. ఆరకుండా ధారలుగా కారిపోయిన చెమట వల్ల ఆ లాభం లేదు. నీరు పోతుంది, దానితోబాటు ఉప్పు పోతుంది, ఒంటి వేడి మాత్రం ఒంట్లోనే ఉంటుంది. ఎండలో దుక్కి దున్నేవాడు, తాటిచెట్టు ఎక్కేవాడు గంటకు లీటరు దాకా చెమట పోగొట్టుకోవడం కద్దు. లీటరు చెమటలో సుమారు 2 గ్రాముల ఉప్పు ఉంటుందని లెక్క. కనుక ఈ ప్రాంతంలో వేసవి పానీయం అనేది నోటి రుచికి సంబంధించిన ముచ్చట మాత్రమే కాదు.

మజ్జిగ పాడి ఉన్న ఇంటి పానీయం. పాడి లేని ఇళ్లలో ఆ స్థానం చోడి అంబలిది, తరవాణిది. ఇతర జిల్లాలవారు రాగులని, తైదలని పిలిచే ధాన్యాన్నే ఇక్కడివారు చోళ్లంటారు. అంబలి సంగతి తరువాత చూద్దాం. ముందుగా తరవాణి. ఒక మట్టికుండను నీడపట్టున ఉంచి, బియ్యం కడిగిన నీళ్లు, వార్చిన గంజి అందులో పోసి, గుప్పెడు అన్నం వేసి, మూత పెడతారు. రెండు మూడు రోజులకు అది పులుస్తుంది. అక్కడినుండి ప్రతిదినమూ కొంత తీసి వాడుకోవడం, ఆనాటి కడుగునీళ్లు, గంజి మళ్లీ పోయడం. రాత్రి మిగిలిన అన్నాన్ని ఆ పుల్లని నీటిలో నానవేసి, ఉదయాన ఉప్పు వేసి, ఉల్లిపాయో పచ్చిమిరపకాయో నంజుకొని తిని పొలానికి పోతారు. వాసన కోసం దబ్బాకు వేసే ఇళ్లు కూడ ఉన్నవి. కుండ ఖాళీ చేయకుండా ఉండటమే ఇందులోని కిటుకు.

ఆ కిటుకు వెనుక ఉన్న శాస్త్రం విద్యార్థులకు చెప్పదగినది. వండిన అన్నాన్ని ఊరకే గదిలో వదిలేస్తే అందులో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరగవచ్చు. దాని బీజాలు ఉడికినా చావవు. అది పుట్టించే ఒక విషం మళ్లీ వేడిచేసినా పోదు. కాని నిన్నటి తరవాణిలో లాక్టిక్ ఆమ్లాన్ని పుట్టించే సూక్ష్మజీవులు అప్పటికే కోట్లకొలది ఉంటాయి. వాటి మధ్య పడిన కొత్త అన్నం త్వరగా ఆమ్లమయం అవుతుంది. ఆ పులుపులో చెడ్డ జీవులు పెరగలేవు. పాలు తోడువేయడం కూడ ఇదే సూత్రం. కుండను అశ్రద్ధగా ఉంచినా, కలిపే నీరు మురికిదైనా ఈ రక్షణ చాలదు. బూజు పట్టిన కుండను పారబోయవలసిందే.

ఈమధ్య చద్దన్నాన్ని గురించి ఒక ప్రచారం విరివిగా జరుగుతున్నది. రాత్రి నానిన అన్నంలో ఇనుము ఇరవై రెట్లు పెరుగుతుందట! ఇనుము మూలకం. నీటిలో నానినంత మాత్రాన అది పుట్టదు. పులిసినప్పుడు ధాన్యంలోని ఫైటిక్ ఆమ్లం కొంత విచ్ఛిన్నమై, ఉన్న ఇనుమే పేగులకు సులభంగా అందుతుంది. ఇది నిజమైన లాభమే. దీనిని ఇరవై రెట్లుగా చేసి చెప్పవలసిన అవసరం లేదు. తరవాణి గొప్పతనం వేరొకచోట ఉన్నది. అది తెలియాలంటే రెండు వందల యేండ్లు వెనక్కి వెళ్లాలి.

గంజాం నుండి గుంటూరు వరకు ఉన్న తీరభూములను ఆనాడు ఉత్తరసర్కారులనేవారు. నేటి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు వీటిలోనివే. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా ద్వారా ఈస్టిండియా కంపెనీ వీటిని సంపాదించింది. ఇక్కడ కాపురమున్న సిపాయీలలో ఒక వింత జబ్బు కనిపించేది. కాళ్లు తిమ్మిరెక్కి, బలం సన్నగిల్లి, నడక తడబడేది. కొందరికి ఒళ్లంతా నీరు పట్టి, గుండె ఆగి, హఠాత్తుగా ప్రాణం పోయేది. ఇదే బెరిబెరి. మద్రాసు సైన్యంలో వైద్యుడుగా ఉన్న జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్ దీనిపై వ్రాసిన గ్రంథం 1835లో మద్రాసులో అచ్చయింది. విటమిను అన్న మాట పుట్టడానికి అప్పటికి ఇంకా 77 ఏండ్లు ఉన్నది. ఆనాటి వైద్యులకు గాలి, తేమ, నేలనుండి లేచే విషవాయువు, ఇవే కారణాలు. తీరం వెంబడి సన్నని పట్టీలోనే ఈ వ్యాధి ఎక్కువగా కనబడటం వారి ఊహను బలపరచింది. సముద్రపు గాలిదే దోషమనుకోవడం సహజమే గదా!

నిజానికి ఆ పట్టీలో ఉన్న విశేషం గాలి కాదు, తిండి. తీరాన వరి పండుతుంది. మెట్టకు, కొండలకు పోయినకొద్దీ చోళ్లు, గంటెలు, సామలు. పైకులాల వారి తెల్లన్నాన్ని నాగరికతకు గుర్తుగా ఎంచి, అంబలిని బీదల తిండిగా చిన్నచూపు చూసిన కాలమది. ఆ చిన్నచూపు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

గుట్టు మరొక దేశంలో బయటపడింది. జావాలో డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్మన్ 1886 నుండి బెరిబెరిని పరిశోధిస్తుండగా ఆయన పెంచే కోళ్లకు కాళ్లు పడిపోయినవి. సైనిక ఆసుపత్రిలో మిగిలిన తెల్లన్నాన్ని వాటికి పెడుతున్నారు. కొంతకాలానికి కొత్త వంటవాడు వచ్చి, సైన్యపు అన్నాన్ని సైన్యంలో లేని కోళ్లకు పెట్టడానికి నిరాకరించాడు. అవి ముతక బియ్యం తిని కోలుకున్నవి. ఆ వంటవాని మొండిపట్టు వైద్యచరిత్రకు ఎంత మేలు చేసిందో చెప్పలేము. అయితే ఐక్మన్ తెల్లబియ్యంలో ఏదో విషం ఉన్నదనీ, తవుడు దానికి విరుగుడనీ తలచాడు. విషం ఏమీ లేదు, తవుడులో ఉన్న ఒక ఆవశ్యక పదార్థం లోపించడమే వ్యాధి అని 1901లో తేల్చినవాడు ఆయన సహచరుడు ఖెరిట్ ఖ్రైన్స్. 1929లో నోబెల్ బహుమానం హాప్కిన్సుతోపాటు ఐక్మన్‌కు లభించింది. ఖ్రైన్సును లోకం ఇంచుమించు మరచిపోయింది.

ఆ పదార్థమేదో పట్టుకొని, కృత్రిమంగా తయారుచేసిన శాస్త్రజ్ఞునికి తెలుగుదేశంతో పుట్టుకనుబట్టి సంబంధం ఉన్నది. రాబర్ట్ రన్నెల్స్ విలియమ్స్ 1886లో నెల్లూరులో, బాప్టిస్టు మిషనరీల ఇంట జన్మించాడు. పెద్దవాడై ఫిలిప్పైన్స్‌లో రసాయనజ్ఞుడుగా పనిచేస్తున్నప్పుడు, తవుడు కషాయంతో బెరిబెరి పసివాళ్లు చావు అంచునుండి లేచి రావడం చూచాడు. అప్పుడు పట్టుకున్న పని పాతికేండ్లకు గాని ముగియలేదు. పగలు టెలిఫోను కంపెనీ ప్రయోగశాలలో ఉద్యోగం, మిగిలిన వేళల్లో టన్నులకొలది తవుడుతో కుస్తీ. 1936లో ఆయన థయమిను, అనగా విటమిను బి1 నిర్మాణాన్ని నిర్ణయించి, దాన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు.

ఇక మనదేశానికి వద్దాం. కూనూరులో రాబర్ట్ మెకారిసన్, నోరిస్‌తో కలిసి, బియ్యానికీ బెరిబెరికీ ఉన్న సంబంధాన్ని గురించి 1924లో తన పరిశోధనలు ప్రకటించాడు. ఆయన తరువాత 1935లో ఆ పరిశోధనాలయానికి వచ్చిన ఆక్రాయిడ్, తన సహచరులతో బియ్యం సమస్యపై 1940లో ఒక గ్రంథం వెలువరించాడు. వరి అన్నం తినేవారు దేశమంతటా ఉండగా బెరిబెరి ముఖ్యంగా ఉత్తరసర్కారులలోనే ఎందుకు నిలిచింది? తమిళదేశం, బంగాళం, కేరళాలలో జనం ఎక్కువగా ఉప్పుడు బియ్యం తింటారు. ధాన్యాన్ని నానబెట్టి ఉడికించినప్పుడు పైపొరలలోని విటమిను లోపలి గింజలోకి ఇంకుతుంది. తరువాత మర పట్టినా అంతగా పోదు. మన కోస్తాలో తినేది పచ్చిబియ్యం. దాన్ని మరలో తెల్లగా పాలిషు పట్టినప్పుడు విటమిను తవుడుతో పోతుంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. కూనూరు పరిశోధనాలయమే 1958లో అక్కడికి తరలివచ్చి, 1969లో ఈ పేరు ధరించింది. 100 గ్రాముల మర పచ్చిబియ్యంలో థయమిను 0.06 మిల్లీగ్రాములు, దంపుడు బియ్యంలో 0.21, మర పట్టిన ఉప్పుడు బియ్యంలోనూ 0.21, తవుడులో 2.7. పెద్దవానికి రోజుకు ఒక మిల్లీగ్రాము పైచిలుకు కావాలి. అరకిలో దంపుడు బియ్యం తింటే 1.05 అందుతుంది. అరకిలో మర బియ్యంలో ఉన్నది 0.3 మాత్రమే. ఉపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలో నల్లబల్లమీద వేయించవచ్చు.

అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. 1835లో ఈ ప్రాంతంలో బియ్యపు మరలు లేవు. అన్నీ రోకటి దంపులే. మరి బెరిబెరి ఎక్కడిది? దంపును తెల్లబడేదాకా సాగించవచ్చుననేది ఒక సమాధానం. ఇంకొకటి వంటింటిలో ఉన్నది. థయమిను నీటిలో కరిగే పదార్థం. పచ్చిబియ్యాన్ని మూడు నాలుగు సార్లు పిసికి కడిగితే దానిలోని థయమినులో ఒక్కొక్కప్పుడు సగానికి దగ్గరగా ఆ నీళ్లలోనే పోతుంది. ఎక్కువ ఎసరు పెట్టి గంజి వారిస్తే మిగిలినదానిలో మరి కొంత పోతుంది. అత్తెసరుగా వండితే ఈ రెండవ నష్టం లేదు. కడుగునీళ్లూ గంజీ చాలా ఇళ్లలో కుడితితొట్టికి చేరేవి. ఇల్లాలికి లేని విటమిను ఇంటి గేదెకు దక్కేదన్నమాట!

సరిగా ఆ రెండింటినే, కడుగునీళ్లను, గంజిని, మళ్లీ మనిషి నోటికి చేర్చేది తరవాణి కుండ. దీన్ని మొదలుపెట్టినవారికి థయమిను తెలియదు. వారి ఉద్దేశం ఏదీ పారబోయకపోవడమే. పొదుపు కోసం చేసిన పని ఆరోగ్యానికి అక్కరకు వచ్చింది.

ఇందులో ప్రాణాపాయం ఉన్నవారు పెద్దలకంటె పిల్లలే. థయమిను కరువైన తల్లి పాలలోనూ అది ఉండదు. బాలింతకు పథ్యమని పేరుపెట్టి పప్పు, కూర మాన్పించి తెల్లన్నంమీద ఉంచితే, పైకి బొద్దుగా ఉన్న రెండు మూడు నెలల శిశువు గొంతు బొంగురుపోయి, ఆయాసపడి, కొద్ది గంటలలో చనిపోవడం ఉండేది. మద్రాసు రాష్ట్రపు బెరిబెరి ప్రాంతంలోని శిశుమరణాలను గురించి ఆక్రాయిడ్, కృష్ణన్ 1941లో ప్రత్యేకంగా పరిశీలించి వ్రాశారు. ఆ శిశువులకు థయమిను సూదిమందు ఇస్తే కొన్ని గంటలలో తేరుకోవడం వైద్యులకే అబ్బురంగా ఉండేది. తరువాతి దశాబ్దాలలో తిండిలో పప్పులు, కూరలు పెరిగి, మందులు అందుబాటులోకి వచ్చి, ఈ వ్యాధి క్రమంగా అరుదైపోయింది.

గంజికి మరొక గౌరవం ఇటీవలి చరిత్రలో దక్కింది. పేగులలో గ్లూకోజు, సోడియం చేయి చేయి పట్టుకొని లోపలికి పోతాయనీ, వాటివెంట నీరు పోతుందనీ చెప్పడానికి మూలమైన సూత్రాన్ని 1960లో రాబర్ట్ క్రేన్ ప్రేగు నగరంలో జరిగిన సభలో వివరించాడు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని తాగించి వేలమందిని కాపాడాడు. ఆ తరువాత ఢాకాలో గ్లూకోజుకు బదులు బియ్యపు పిండి వాడి చూచారు. కలరా రోగులలో అది బాగానే పనిచేసింది. గంజిలోని పిండిపదార్థం పేగులో మెల్లగా గ్లూకోజుగా మారుతుంది. అందువల్ల ఉప్పు వేసిన గంజిని ఉత్త నీటికంటె బాగా శరీరం ఇముడ్చుకుంటుంది. చెమటతో పోయిన ఉప్పుకూ ఇదే మార్గం. రక్తపుపోటు ఉన్నవారు మాత్రం ఉప్పు విషయంలో వైద్యుని మాట వినాలి.

చోడి అంబలిని గురించి రెండు మాటలు చాలు. 100 గ్రాముల చోళ్లలో కాల్షియం 344 మిల్లీగ్రాములు, థయమిను 0.42. మర బియ్యంలో కాల్షియం 10. పొట్టుతోసహా పిండి చేస్తారు గనుక తవుడు పోయే బాధ లేదు. పోర్చుగీసువారు బ్రెజిల్ నుండి తెచ్చిన జీడిమామిడి పలాస ప్రాంతంలో సిరులు పండిస్తున్నది. వేసవిలో చెట్టుకింద గుట్టలుగా కుళ్లిపోయే దాని పండులో విటమిను సి 100 గ్రాములకు 180 మిల్లీగ్రాములు, నారింజలో దాదాపు 30. వగరుకు జంకి వదిలేస్తున్నాము. ముక్కలకు ఉప్పు రాసి కాసేపు ఉంచితే ఆ వగరు చాలవరకు తగ్గుతుంది.

కొబ్బరినీళ్ల సంగతి వేరు. ఉద్దానమంటే కొబ్బరితోటలే. లేతబొండం నీరు దాహానికి హాయి. కాని అందులో పొటాసియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటతో పోయేదేమో ముఖ్యంగా సోడియం. పైగా ఈ ఉద్దానంలోనే, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మొదలైన మండలాలలో, మూత్రపిండాల దీర్ఘవ్యాధి వేలమందిని పీడిస్తున్నది. దెబ్బతిన్న మూత్రపిండాలు పొటాసియాన్ని బయటికి పంపలేవు. అది రక్తంలో పేరుకుంటే గుండె ఆగవచ్చు. ఆరోగ్యవంతునికి అమృతమైన బొండం ఆ రోగికి అపాయకరం, వైద్యుని అనుమతి లేకుండా తాగరాదు. ఈ వ్యాధికి కారణం ఇదమిత్థమని ఇంకా తేలలేదు. భూగర్భజలాలు, పురుగుమందులు, నొప్పిమాత్రలు, ఎండలో పనిచేస్తూ శరీరం పదే పదే ఎండిపోవడం, అన్నిటిమీదా అనుమానం ఉన్నది. ఎల్ సాల్వడార్, నికరాగువా దేశాల చెరకుతోటల కూలీలలో ఇటువంటి వ్యాధే వచ్చినప్పుడు, నీడ, విశ్రాంతి, వేళకు నీరు ఏర్పాటు చేసి ఫలితాలు పరిశీలించారు. ఉద్దానానికి హిరమండలం జలాశయం నుండి తాగునీటి పథకం, పలాసలో మూత్రపిండవ్యాధుల పరిశోధనాకేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయినవి.