కీళ్లవాతం మందులో దొరికిన షుగరు గుట్టు

1876లో జర్మనీలోని గొటింగెన్‌లో విల్‌హెల్మ్ ఎబ్‌స్టైన్ అనే వైద్యుడు మధుమేహ రోగులకు సోడియం సాలిసిలేట్ ఇచ్చి చూశాడు. అప్పటికది సరికొత్త మందు. సాలిసిలిక్ ఆమ్లాన్ని ఫ్యాక్టరీలో చవగ్గా తయారుచేయడం మొదలై రెండేళ్లే అయింది. ఈ జాతి మందులతో కీళ్లవాత జ్వరం తగ్గుతోందని బెర్లిన్ డాక్టర్లు, స్కాట్లండ్‌లోని డండీ డాక్టర్లు ప్రకటించింది కూడా ఆ ఏడాదే. ఎబ్‌స్టైన్ రోగుల్లో కొందరికి షుగరు లక్షణాలే కనిపించకుండా పోయాయి. ఆ సంగతి ఆయన బెర్లిన్ వైద్య పత్రికలో రాశాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

పాతికేళ్ల తర్వాత, 1901లో, మాంచెస్టర్ డాక్టరు ఆర్.టి. విలియమ్‌సన్ అదే మందు వాడి, మూత్రంలో పోయే చక్కెర ఎంత తగ్గిందో కొలిచి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించాడు. మళ్లీ అదే నిశ్శబ్దం. 1922లో టొరంటోలో పద్నాలుగేళ్ల కుర్రాడికి ఇన్సులిన్ ఎక్కించాక, ప్రాణం నిలబెట్టే ఆ మందు ముందు సాలిసిలేట్ ఊసెత్తేదెవరు?

అది మళ్లీ తెరమీదికి వచ్చింది గ్లాస్గోలో. 1950ల్లో అక్కడి ఆసుపత్రిలో ఇన్సులిన్ మీద ఉన్న ఒక షుగరు రోగికి కీళ్లవాత జ్వరం వచ్చింది. ఆస్పిరిన్ మోతాదు బాగా పెంచి ఇచ్చారు. ఇన్సులిన్ ఆపేసినా రక్తంలో చక్కెర మామూలుగానే ఉంది! జ్వరం నయమై ఆస్పిరిన్ మానగానే షుగరు మళ్లీ పైకెక్కింది. జేమ్స్ రీడ్ అనే డాక్టరు దీన్ని యాదృచ్ఛికమని వదిలేయలేదు. మరికొందరు రోగులకు రెండు వారాలపాటు ఆస్పిరిన్ ఇచ్చి చూశాడు. పరగడుపు షుగరు సగటున 190 పైనుంచి 92కు దిగింది. 1957లో ఆ లెక్కలు అచ్చయ్యాయి. ఎందుకు దిగిందో మాత్రం రీడ్‌కు అంతుపట్టలేదు. తర్వాత వచ్చినవాళ్లు ప్యాంక్రియాస్ నుంచి ఇన్సులిన్ ఎక్కువగా ఊరుతోందేమోనని అటువైపు వెతికారు.

జవాబు పొట్ట కొవ్వులో ఉంది. ఆ రోజుల్లో అటు చూసే కారణం ఎవరికీ లేకపోయింది. కొవ్వంటే తిన్నది ఎక్కువైతే దాచిపెట్టే గాదె, అంతే. కొవ్వు ఒంట్లో ఎక్కడ చేరిందన్నది ముఖ్యమని, పిరుదుల దగ్గరి కొవ్వు కంటే నడుం పైభాగాన చేరే కొవ్వు షుగరుకూ గుండెజబ్బుకూ దగ్గరి దారి అని మార్సెయి డాక్టరు జాన్ వాగ్ 1947లోనే చెప్పాడు. అదీ చాలాకాలం ఫ్రాన్స్ దాటి పెద్దగా వినిపించలేదు.

మలుపు 1993లో వచ్చింది. బోస్టన్‌లో గోఖాన్ హోతామిష్‌లిగిల్, బ్రూస్ స్పీగెల్‌మన్ బృందం లావెక్కిన ఎలుకల కొవ్వులో టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అనే పదార్థాన్ని పట్టుకుంది. ఇందులో ఒక వింత ఉంది. జబ్బుపడిన జంతువులు చిక్కి శల్యమైపోవడానికి కారణమంటూ న్యూయార్క్ శాస్త్రవేత్తలు అంతకుముందు పట్టుకున్న పదార్థమూ ఇదే. ఒంట్లో ఇన్ఫెక్షన్ చేరినప్పుడు ఇన్‌ఫ్లమేషన్‌ను, అంటే వాపును, రేపే ఈ సంకేతం ఏ ఇన్ఫెక్షనూ లేని కొవ్వులో ఎందుకుంది? దాన్ని అడ్డుకుంటే ఆ ఎలుకల్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేసింది. మరుసటి ఏడు లెప్టిన్ అనే హార్మోను బయటపడి, కొవ్వు రక్తంలోకి కబుర్లు పంపే అవయవమని తేలిపోయింది.

ఇక సాలిసిలేట్ వంతు. పెద్ద మోతాదులో ఈ మందు ఎన్‌ఎఫ్-కప్పాబి అనే వాపు మార్గాన్ని అణచివేస్తుందని 1994లో తెలిసింది. ఆ మార్గానికి మీట లాంటి ఎంజైము ఐకేకే-బీటా. 2001లో బోస్టన్‌లోని జాస్లిన్ సెంటర్‌లో స్టీవెన్ షోల్సన్ బృందం సాలిసిలేట్ కథనూ కొవ్వులోని వాపు కథనూ కలిపింది. మామూలుగా ఇన్సులిన్ కణం పొర మీది గ్రాహకాన్ని తాకితే ఆ కబురును లోపలి ప్రోటీన్లు ఒకదానికొకటి అందిస్తాయి, చివరికి గ్లూకోజు లోనికి వస్తుంది. వాపు సంకేతం ఆ ప్రోటీన్ల మీద తప్పుచోట ఫాస్ఫేటు తగిలించి కబురును మధ్యలోనే తెంపేస్తుంది. సాలిసిలేట్ అలా తెగకుండా ఆపుతుంది. ఎబ్‌స్టైన్ చూసిన వింతకు 125 ఏళ్ల తర్వాత కారణం దొరికింది.

అయితే వాపు రేపుతున్నదెవరు? 2003లో రెండు అమెరికా బృందాలు ఒకే పత్రికలో ఒకే జవాబిచ్చాయి: మాక్రోఫేజులు. క్రిములనూ చచ్చిన కణాలనూ మింగే ఈ తెల్ల రక్తకణాలు సన్నటివాళ్ల కొవ్వు కణజాలంలో నూటికి పది కూడా ఉండవు, బాగా లావైనవాళ్లలో దాదాపు నలభై. కొవ్వు నిండి ఉబ్బి చచ్చిన కణం చుట్టూ అవి వలయంగా మూగి ఉండటాన్ని 2005లో ఇటలీ శాస్త్రవేత్త సవేరియో చింతి మైక్రోస్కోపు కింద చూపించాడు.

మనవాళ్ల దగ్గరికి వస్తే, ఒంట్లో కొవ్వు చేరడానికి పైకి లావు కనిపించక్కర్లేదు. 2004లో లాన్సెట్‌లో పుణె డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టరు జాన్ యుడ్‌కిన్ పక్కపక్కన నిలబడిన ఫోటో వచ్చింది. ఎత్తుకు తగ్గ బరువును చెప్పే బీఎంఐ ఇద్దరికీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2. యుడ్‌కిన్ మారథాన్లు పరిగెడతాడని, యాజ్ఞిక్ పరుగల్లా పొద్దున ఆసుపత్రి లిఫ్టు తలుపులు మూసుకునేలోపే అందుకోవడానికని వాళ్లే సరదాగా రాసుకున్నారు. పొట్ట పెరిగేకొద్దీ రక్తంలో వాపు సూచిక సీఆర్‌పీ పెరుగుతుందని 1999లో చెప్పినవాళ్లలో ఈ యుడ్‌కిన్ ఒకడు.

గుట్టు తెలిసింది కదా, మందు రావాలి. 2002లో 9 మంది రోగులకు రోజుకు 7 గ్రాముల ఆస్పిరిన్ ఇస్తే రెండు వారాల్లో పరగడుపు షుగరు నాలుగో వంతు తగ్గింది. గుండె కోసం వేసుకునే 75 మిల్లీగ్రాముల బిళ్లలైతే అవి తొంభైకి పైమాటే. కడుపులో రక్తస్రావం, చెవుల్లో హోరు తెచ్చిపెట్టే మోతాదు అది, ఇంట్లో చేసి చూసేది కాదు. అందుకని కాస్త మెతకైన సాల్‌సలేట్‌ను 286 మంది మీద 48 వారాలు పరీక్షించారు. 2013లో ఫలితం వచ్చింది: కొన్ని నెలల సగటు షుగరును చెప్పే హెచ్‌బీఏ1సీ తగ్గింది 0.37 శాతమే. చెడు కొలెస్ట్రాల్, మూత్రంలో ఆల్బుమిన్ కొంచెం పెరిగాయి. షుగరు మందుగా అది స్థిరపడలేదు. వాపును అణిచే ఇంకో మందును పదివేల మంది గుండె రోగుల మీద పరీక్షించిన ఫలితం 2017లో వచ్చింది. గుండెపోట్లు తగ్గాయి. కొత్తగా షుగరు వచ్చేవాళ్ల సంఖ్య మాత్రం తగ్గలేదు.