గూడ్స్ ఒక్కసారి ఆగితే ఎంత కరెంటు ఖర్చో తెలుసా?

చోడవరం వాళ్లు రైలెక్కాలంటే అనకాపల్లి వెళ్లాల్సిందే. అక్కడ లూప్‌లైన్‌లో ఆగిన గూడ్స్‌ను చూసే ఉంటారు. వెనకొచ్చే ఎక్స్‌ప్రెస్‌కు దారివ్వడానికి ఆపుతారు. కానీ 5 వేల టన్నుల గూడ్స్ మళ్లీ 60 కి.మీ. వేగం అందుకోవాలంటే లెక్క ప్రకారం కనీసం 190 యూనిట్ల కరెంటు కావాలి. ఓ చిన్న కుటుంబం నెలంతా వాడుకునేంత! అందుకే ముందు లైన్ ఖాళీ లేదని తెలిస్తే, ఆపడం కంటే దూరం నుంచే నెమ్మదిగా నడపడం మేలు.

కొత్తవలస-కిరండూల్ లైన్‌లో మాత్రం సీన్ రివర్స్. అరకు ఘాట్‌లో ఇనుప ఖనిజంతో దిగే రైలుకు త్రీఫేజ్ ఇంజిన్ ఉంటే, బ్రేక్ వేసినప్పుడు మోటార్లే జనరేటర్లవుతాయి. కరెంటు తిరిగి పైతీగలోకి వెళ్తుంది. అదే టైమ్‌కి ఖాళీ వ్యాగన్ల రైలు దగ్గర్లో ఘాట్ ఎక్కుతుంటే ఆ కరెంటు దానికే పనికొస్తుంది.