ఎలుకమందు పుట్టిన పశువులపాక

ఇళ్లలో ఎలుకలకు పెట్టిన వార్ఫరిన్ మందుకు మూలం బూజుపట్టిన పశుగ్రాసమంటే నమ్ముతారా?

కెనడాలోను, ఉత్తర అమెరికా రాష్ట్రాలలోను స్వీట్ క్లోవర్ అనే మేత తిన్న గొడ్లు చిన్న గాయానికే నెత్తురు ఆగక చచ్చేవి. మేత బూజుపట్టడమే కారణమని 1922లో షోఫీల్డ్ అనే పశువైద్యుడు చెప్పాడు. పారబోయమంటే సరే, వేరే మేత లేని రైతు ఏంచేస్తాడు? 1933 చలికాలంలో విస్కాన్సిన్ రైతొకాయన చచ్చిన పెయ్యను, పాలక్యానులో గడ్డకట్టని నెత్తురును, ఆ మేతను వేసుకొని మాడిసన్ విశ్వవిద్యాలయానికి పోయాడు. అక్కడ కార్ల్ లింక్, ఆయన శిష్యులు ఆరేళ్లు శ్రమపడి 1939లో ఆ విషాన్ని వేరుచేశారు. దాని పోలికలో చేసిన వార్ఫరిన్ 1948లో ఎలుకమందుగా అమ్మకానికి వచ్చింది.

దీని గొప్ప ఏమంటే, నిదానం. ఎలుక మహా గడుసుది. జింక్ ఫాస్ఫైడ్ ఎర కాస్త కొరికి కడుపులో బాధ పుట్టిందంటే మళ్లీ దాని జోలికి పోదు. అందుకే రెండు మూడు రోజులు మందు కలపని ఎర పెట్టి మరపడం. వార్ఫరిన్ తిన్నదానికి వెంటనే ఏమీ తెలియదు. రోజూ తింటుంది, లోలోపల నెత్తురు కారి చస్తుంది.

1958 నాటికే స్కాట్లండులో దీనికి లొంగని ఎలుకలు బయలుదేరాయి. తరువాత వచ్చిన బ్రోమడియోలోన్‌దీ ఇదే మార్గం, కాని మరీ ఘాటు. పిల్లలుగాని, కుక్కగాని తింటే ప్రమాదమే. పైకి బాగున్నారని ఊరుకోక వెంటనే వైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి. విరుగుడు ఉన్నది: కె విటమిను. మందు డబ్బా కూడా చూపించండి.