షరతులో అవాస్తవం: తెలుగు చేదర్థకం, స్పానిష్ క్రియ

గుంటూరు మిర్చి యార్డులో "ధర ఉంటే అమ్ముతాను" అన్న రైతు సరుకు ఇంకా బేరానికి ఉన్నట్టే. "ధర ఉంటే అమ్మేవాణ్ణి" అంటే ధర లేదు, అమ్మకమూ జరగలేదు. రెండు వాక్యాలలోనూ "ఉంటే" ఒక్కటే. భేదమంతా సమాపక క్రియది.

పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) "వండినన్" వంటి రూపాలను చేదర్థకమన్నది. సంస్కృత "చేత్" షరతును మాత్రమే సూచిస్తుంది. ఆ షరతు నెరవేరేదా కాదా అన్న విచారణకు ఈ సంజ్ఞలో చోటు లేదు. రూపానికి పురుష, వచన భేదమూ లేదు.

స్పానిష్ ఈ భేదాన్ని షరతులోనే చూపుతుంది. "సి తెంగో తియెంపో, వెంగో" అంటే తీరిక ఉంటే వస్తాను. "సి తువియెరా తియెంపో, వెంద్రియా" అంటే తీరిక ఉంటే వచ్చేవాణ్ణి. "తువియెరా" నిష్పత్తి కష్టమైనది కాదు. భూతకాల ప్రథమపురుష బహువచనం "తువియెరోన్"లో చివరి "రోన్" తీసి రా, రాస్, రా, రామోస్, రాయిస్, రాన్ చేర్చాలి. "దిహెరోన్" నుండి "దిహెరా", "ఫువెరోన్" నుండి "ఫువెరా" ఇలాగే వచ్చాయి. "తువియెసే" అనే సమానార్థక వరుస కూడా ఉంది. రెండింటి మూలాలూ లాటిన్ పూర్వభూత రూపాలే.

భూతకాలం మీద షరతును నిలపడం తెలుగుకు కొత్త కాదు. ప్రాచీన భాషలోని "వచ్చెనేని", "వచ్చితివేని" భూత సమాపకక్రియకు "ఏని" చేరగా ఏర్పడినవి. వాటిలో పురుషభేదం స్పష్టం. వాడుకలో మిగిలిన "వస్తే"లో అది కనిపించదు. కనుక తెలుగు విద్యార్థి "ఉంటే"ను మార్చనట్టే "తెంగో"ను మార్చక "సి తెంగో తియెంపో, వెంద్రియా" అనడం సహజం. దీనిని అజాగ్రత్తగా కొట్టివేయరాదని నా అభిప్రాయం; అది మాతృభాషా వ్యాకరణం పని చేయడమే.

ఫలితవాక్యంలో మాత్రం రెండు భాషలూ ఆశ్చర్యకరంగా దగ్గరవుతాయి. "రోజూ వచ్చేవాణ్ణి"లో అలవాటును చెప్పే రూపమే షరతు తరువాత అవాస్తవాన్ని చెబుతుంది. "వెంద్రియా" కూడా తుమున్నర్థకానికి లాటిన్ "హబేరే" ధాతువు అసంపూర్ణభూత రూపం చేరగా పుట్టింది. తెలుగులో ఇంతకు పాతదైన పొర ఒకటుంది. సూరి తద్ధర్మార్థకంగా చెప్పిన "వండుదును" వంటి రూపం కోస్తా పెద్దల నోట "తెలిస్తే చెబుదును" అన్నప్పుడు అవాస్తవార్థంలో నిలిచింది.

కల్లంలో మిరపకాయలు ఆరబోసినవారు "వాన ఆగితే బాగుండును" అంటారు. స్పానిష్‌లో అది "ఓహలా దెహారా దె యోవెర్". అక్కడ కోరికలోని అనిశ్చయం "ఆగు" అన్న క్రియ మీదే పడింది. తెలుగులో "ఆగితే" మామూలు చేదర్థకమే. బరువంతా "ఉండును" అనే ఆ పాత తద్ధర్మం మోస్తున్నది.